సెకండ్‌హ్యాండ్ కారుకి జాతకం చూసేదెవరు?

కామారెడ్డిలో సెకండ్‌హ్యాండ్ కారు కొనే మనవాళ్ళకి ఒక సూత్రం ఉంది. మహారాష్ట్ర నంబరయితే అనుమానించు, ఢిల్లీ నంబరయితే పారిపో, టీఎస్ 17 అయితే కళ్ళు మూసుకుని తీసుకో. మొదటి రెండూ సరే. మూడోదే నాకు మింగుడు పడట్లేదు.

పదేళ్ళు దాటిన డీజిల్, పదిహేనేళ్ళు దాటిన పెట్రోలు బళ్ళు ఢిల్లీలో తిరగకూడదని ఎన్జీటీ అంటే, 2018లో సుప్రీంకోర్టు కూడా అదే అంది. అక్కడ చవగ్గా వదిలించుకున్న బళ్ళు ఎన్.ఓ.సి. పట్టుకుని వేరే రాష్ట్రాలకి వచ్చాయి. నాందేడ్ వైపు నుంచి మద్నూరు మీదుగా వచ్చేవి సరేసరి. మన ఊళ్ళలో 'ఇంపోర్టెడ్' కారంటే ఇదే :) కానీ వీటికి ఎన్.ఓ.సి. ఉందా, ఫైనాన్స్ తీరిందా, ఇక్కడ లైఫ్ టాక్స్ ఎంత అని అడుగుతాం. అడుగుతాం కాబట్టి ఎంతోకొంత బయటపడుతుంది.

లోకల్ బండిని ఎవడూ ఏమీ అడగడు. ఎల్లారెడ్డిలో ఉండే మా మామ ఈమధ్య ఫోన్ చేశాడు. "అల్లుడా, కామారెడ్డిల ఒక బండి చూసిన. తెల్సినోళ్ళదే. కంప్యూటర్ల నంబర్ కొట్టి జర చెప్పు." కొట్టాను. రిజిస్ట్రేషన్ తేదీ, ఇన్సూరెన్స్ ఎప్పటిదాకా, ఫైనాన్స్ ఉందా లేదా.. అంతే. నాకు కావలసింది వేరే. 2025 ఆగస్టు 27, 28 తేదీల్లో ఆ కారు ఎక్కడుంది?

ఆ రెండ్రోజులు మర్చిపోయే రకం కాదు. రాజంపేట మండలం అర్గొండలో 40 సెంటీమీటర్ల పైన వాన పడింది. కామారెడ్డి కాలనీల్లో కార్లు కొట్టుకుపోవడం అందరం టీవీలో చూశాం. అవన్నీ తుక్కు కింద పోయాయని ఎవరైనా అనుకుంటే వాళ్ళ అమాయకత్వానికి దండం. సీట్లు ఆరబెట్టి, కార్పెట్ మార్చి, పాలిష్ కొడితే కొత్త పెళ్ళికొడుకే. వైరింగ్ కనెక్టర్లలో తుప్పు మాత్రం నెలల తర్వాత పలకరిస్తుంది.

మనలాంటివాళ్ళకి కడుపు మండేది ఏమిటంటే, ఈ డేటా ఉంది! క్లెయిము చేసిన ప్రతి బండి వివరమూ ఇన్సూరెన్స్ కంపెనీ దగ్గర ఉంటుంది. ఇన్సూరెన్స్ ఇన్ఫర్మేషన్ బ్యూరో అని ఒకటి కంపెనీల నుంచి క్లెయిముల డేటా పోగుచేస్తుంది. దాని ఆఫీసు ఎక్కడో కాదు, హైదరాబాద్‌లోనే. అమెరికాలో ఉన్నవాళ్ళకి కార్‌ఫాక్స్ తెలుసు కదా, అక్కడ మునిగిన కారుకి టైటిల్ మీదే ముద్ర పడుతుంది. ఇక్కడ రిపేరు ఖర్చు ఐ.డి.వి.లో 75 శాతం దాటితే టోటల్ లాస్ అంటారు గానీ, ఆ ముక్క కొనేవాడు చూసే ఆర్.సి. మీద కనపడదు. ప్రైవసీ అంటారా? ఓనరు పేరు ఎవరికి కావాలి? ఈ ఛాసిస్ నంబరు మీద నీళ్ళ క్లెయిము ఉందా లేదా, అంతే. రెండు టేబుళ్ళ మధ్య ఒక జాయిన్.

అది వచ్చేదాకా మామకి చెప్పింది ఇది. ఆ ఆగస్టు తర్వాత మొదటిసారి రెన్యువల్ చేసిన పాలసీ కాపీ అడుగు. నో క్లెయిమ్ బోనస్ ఏడాదికేడాది 20 నుంచి 50 శాతం దాకా పెరుగుతుంది, క్లెయిము చేస్తే మామూలుగా సున్నాకి పడుతుంది. సున్నా ఉంటే ఎందుకో అడుగు. (బోనస్ ఓనరుది, బండిది కాదు. పాత కారుది కొత్తదానికి మార్చుకోవచ్చు. కాబట్టి 50 చూసి మురిసిపోకు.) కంపెనీ సర్వీస్ సెంటర్లో హిస్టరీ కూడా ఓనరు చేతే తీయించు.

"తెల్సినోళ్ళను గిట్ల అడుగుతె ఏమనుకుంటరు?" అన్నాడు. నాలుగు లక్షలు మామా, అనుకోనీ అన్నాను.

ఇక థర్డ్ పార్టీ పాలసీ మాత్రమే ఉన్న బండి మునిగితే క్లెయిమే ఉండదు, ఇన్సూరెన్స్ రికార్డుల్లో దొరకదు. అలాంటిదానికి సీటు బెల్టు చివరిదాకా లాగి బురద మరక ఉందేమో, స్టెప్నీ తీసి కింద ఒండ్రు ఉందేమో చూసుకోవాల్సిందే.