కొండ మీద ముసలితనం

ఈ మధ్య ఏ పత్రిక తెరిచినా ముసలితనాన్ని హాయిగా గడపడం ఎలాగో చెప్పే వ్యాసాలే. రోజూ నడవండి, మితంగా తినండి, పోయినవాళ్లను తలుచుకుని కుంగిపోకుండా నలుగురితో కలవండి అంటారు. మంచి సలహాలే. కానీ బొర్రా చుట్టుపక్కల కొండల్లోని గిరిజన స్త్రీ ఊహ తెలిసినప్పటి నుంచీ నడుస్తూనే ఉంది. మితంగా తినడం ఆమెకు ఎవరూ నేర్పనక్కర్లేదు. ఇక నలుగురితో కలవడమంటారా, పండగ రోజున ధింసా వరసలో వయసు మళ్లినవాళ్లు కూడా ఒకరి వీపు మీదుగా ఒకరు చేతులు పెనవేసి అడుగు కలుపుతారు. వీళ్లకు కొరవడింది మనోధైర్యం కాదు.

1997 జూలై 11న సుప్రీంకోర్టు ఇచ్చిన సమత తీర్పు మన పాఠకులకు కొత్త కాదు. బొర్రా రిజర్వు అడవిలోనూ దాన్ని ఆనుకున్న 14 గ్రామాల్లోనూ గిరిజనేతరులకు గనుల లీజులివ్వడం మీద నడిచిన కేసు అది. షెడ్యూల్డు ప్రాంతంలో ప్రభుత్వం కూడా తన భూమిని గిరిజనేతరులకు లీజుకివ్వకూడదని 1/70 చట్టం ఆధారంగా కోర్టు తేల్చింది. ఆనాడు ముప్ఫై అయిదేళ్లున్న స్త్రీకి ఇప్పుడు అరవై దాటాయి. భూమి గిరిజనులదే అన్న మాట గెలిచింది. ఆ గిరిజనుల్లో భర్త పోయిన స్త్రీ పేరున ఎంత ఉందన్న ప్రశ్న మనం కూడా గట్టిగా అడగలేదు.

హిందూ వారసత్వ చట్టం షెడ్యూల్డు తెగలకు వర్తించదు. 2025 జూలైలో ఛత్తీస్‌గఢ్ గోండు కుటుంబం కేసులో, ఆచారం అడ్డుందని రుజువు కానప్పుడు స్త్రీకి వాటా నిరాకరించడం సమానత్వానికి విరుద్ధమని సుప్రీంకోర్టు చెప్పింది. అదే ఏడాది అక్టోబరులో మరో కేసులో, ఆ వారసత్వ చట్టం గిరిజనులకు వర్తించదని మళ్లీ స్పష్టం చేసింది. ఇలాంటి అయోమయంలో 2006 అటవీ హక్కుల చట్టం ఒక్కటే సూటిగా ఉంది: పెళ్లయినవాళ్లకు హక్కుపత్రం భార్యాభర్తలిద్దరి పేరునా ఇవ్వాలి, అది వారసులకు దక్కుతుంది. మీ ఊళ్లో ఇచ్చిన పత్రాల్లో భార్య పేరు ఉందో లేదో ఒకసారి తీసి చూడండి.

జబ్బు సంగతి వేరు. రోడ్డు లేని ఊరి నుంచి గర్భిణిని డోలీలో మోసుకొస్తే అది వార్త. అదే డోలీలో కళ్లకు శుక్లాలు కమ్మిన ముసలమ్మను తీసుకెళ్లాలంటే నలుగురు ఒక రోజు కూలి వదులుకోవాలి. అంచేత ఆమే “ఇప్పుడెందుకులే” అనేస్తుంది. ఆ మాటను మనం ఓర్పు అని మెచ్చుకుంటాం. చూపు పోయాక ఆమె అడ్డాకులు కుట్టలేదు, సంతకు ఒంటరిగా పోలేదు. చేతిలో ఆ నాలుగు రూపాయలూ పోతే ఇంట్లో ఆమె మాటకు విలువ కూడా తగ్గిపోతుంది.

పింఛను మాత్రం నిజంగా మేలు చేసింది, ఒప్పుకోవాలి. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జూలై నుంచి వృద్ధులకూ వితంతువులకూ నెలకు 4,000 రూపాయలు ఇస్తున్నారు. (60 నుంచి 79 ఏళ్ల వృద్ధుల పింఛనులో కేంద్రం వాటా 200 రూపాయలే అన్నది వేరే సంగతి.) అయితే వితంతు పింఛనుకు భర్త మరణ ధ్రువపత్రం కావాలి. కొండ మీద చావులు ఎక్కువగా ఇంట్లోనే జరుగుతాయి. 21 రోజుల్లో నమోదు చేయించాలన్న సంగతి దుఃఖంలో ఉన్న ఇంట్లో ఎవరికి గుర్తుంటుంది? ఏడాది దాటితే మేజిస్ట్రేటు ఉత్తర్వు తేవాలి. అందుకోసం కొండ దిగి ఆఫీసుల చుట్టూ తిరగాల్సింది ఆ కళ్లు కనపడని మనిషే.

గ్రామాల్లో పనిచేసే మన సంఘాలకు గర్భిణుల జాబితా ఉంది, బడి మానేసిన పిల్లల జాబితా ఉంది. అరవై దాటిన ఒంటరి స్త్రీల జాబితా ఎన్ని సంఘాల దగ్గర ఉంది? పేరు, కంటిచూపు, వాడుతున్న మందులు, భూమి కాగితం ఎవరి పేరున ఉందన్న వివరం, భర్త మరణం నమోదైందా లేదా అన్నది రాసుకోవడానికి ఒక్క నోటుపుస్తకం చాలు. వచ్చే సంచికలోగా మీ గ్రామంలో ఈ పని మొదలుపెట్టి, ఏం తేలిందో మాకు రాయండి.