తాబేలుకు గాజుతొట్టి ఇల్లు కాదు

వానలు మొదలైతే మదనపల్లె ప్రాంతపు మెట్టల్లో, గుట్టల అంచున నక్షత్ర తాబేళ్లు మేతకు బయటికొస్తాయి. కంటపడినదాన్ని ఇంటికి తెచ్చి, కలిసొస్తుందన్న నమ్మకంతో గాజుతొట్టిలోనో గంగాళంలోనో నీళ్లు పోసి వదిలేవారున్నారు. ఇది తగని పని.

నక్షత్ర తాబేలు చెరువు తాబేలు కాదు, మెట్ట జీవి. లోతు నీటిలో మునిగి చస్తుంది. దానికి కావలసింది తిరగడానికి పొడి నేల, పచ్చగడ్డి, నేరుగా ఒంటికి తగిలే ఎండ. ఎండ సోకకపోతే డిప్ప మెత్తబడి వంకర తిరుగుతుంది. కిటికీ అద్దంలోంచి వచ్చే వెలుగు ఆ లోటు తీర్చదు. పాలూ, అన్నమూ దాని తిండి కావు.

గదిలో ఇవన్నీ అమర్చినా చట్టం ఒప్పదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద దీన్ని పట్టి పెంచుకోవడం నేరం. 2022 సవరణతో ఇది ఒకటవ షెడ్యూలులో చేరింది. నేరం రుజువైతే కనీస శిక్ష మూడేళ్ల జైలు.

పొలంలో కనిపిస్తే కదిలించకుండా వదలాలి. ఇంట్లో ఉన్నదాన్ని అటవీ శాఖకు అప్పగించాలి. అయితే కేసుకు భయపడి దాచేవారూ ఉంటారు. తమంతట తెచ్చి ఇచ్చినవారిని వేధించబోమని అధికారులు ఊరూరా దండోరా వేయించడం అవసరం.