కారా? కచేరీయా?

కారుతో వచ్చిన స్పీకర్లు పీకించి, మావారు కొత్తవీ, డిక్కీలో వూఫరూ ఆంప్లిఫయరూ పెట్టించారు. "ఇప్పుడు విను!" అన్నారు. వినక చస్తానా? సీటే వణికింది!

మంచి స్పీకరు తప్పని నేననను. పాటలో మాట తేటగా వినపడితే ఎవరికి చేదు? నా తగవల్లా వాట్ల మోజుతోనే. వాట్లు రెట్టింపు చేస్తే పెరిగేది 3 డెసిబెల్సే. చెవికి రెట్టింపు మోత తోచాలంటే పదింతలు కావాలి!

85 డెసిబెల్సు రోజుకు 8 గంటలు ఓర్చే చెవికి, 100 అయితే 15 నిమిషాలే హద్దని నిపుణుల లెక్క. అద్దాలు బిగించిన కారులో వెనకసీటు ఎవరిదమ్మా? మన పిల్లలది కాదూ? వెనకాల అంబులెన్సు మొత్తుకున్నా వినపడదే!

అంత సరదా ఉంటే తలుపుల్లో చప్పుడాపే షీట్లు వేయించండి. రోడ్డు రొద తగ్గితే పాట చిన్నగా పెట్టినా హాయిగా వినిపిస్తుంది. వాల్యూము మీట మాత్రం, తల్లులారా, మన చేతిలోనే ఉండాలి!