పాత పుస్తకంలో ఆస్తి హక్కు

రోడ్డు వెడల్పులో ఇంటి ముందు భాగం పోతుందని నోటీసు వచ్చింది. ఇంటాయన గ్రంథాలయానికి వెళ్లి బీరువాలోంచి రాజ్యాంగం తీయించాడనుకోండి. ప్రాథమిక హక్కుల్లోనే 31వ అధికరణం, ఆస్తి హక్కు కనపడింది. ఇంకేం, నేరుగా సుప్రీంకోర్టుకే వెళ్లొచ్చని ధైర్యం!

చిక్కల్లా ఆ పుస్తకం అచ్చయిన ఏడాదితోనే. 1978లో వచ్చిన 44వ సవరణ ఆస్తిని ప్రాథమిక హక్కుల్లోంచి తీసేసింది. 1979 జూన్ 20 నుంచి అది 300ఎ అధికరణం కింద ఉన్న రాజ్యాంగ హక్కు. ఆ ఒక్కటే పట్టుకుని నేరుగా ఢిల్లీ వెళ్తే కుదరదు, హైకోర్టు మెట్లెక్కాలి.

కేంద్ర న్యాయశాఖ వెబ్‌సైట్‌లో తాజా ప్రతి ఉచితంగానే దొరుకుతుంది. అందులో 31 దగ్గర 'తొలగించారు' అన్న ముక్కే ఉంటుంది. 31ఎ మాత్రం నిక్షేపంలా ఉంది! 19వ అధికరణంలో ఆస్తి సంగతి ఉండాల్సిన చోట నక్షత్రం గుర్తులే. కారణం పేజీ అడుగున, చీమల్లాంటి అక్షరాల్లో. చాలామంది చదవకుండా వదిలేసేది సరిగ్గా అదే.

అలాగని 300ఎ ఉత్తదేం కాదు. చట్టప్రకారం తప్ప ఎవరి ఆస్తీ తీసుకోకూడదన్న ఒక్క వాక్యమది. అందులోంచే 2024 మేలో, కోల్‌కతా నగరపాలక సంస్థ కేసులో, సుప్రీంకోర్టు ఏడు హక్కులు చెప్పింది. ముందస్తు నోటీసు, అభ్యంతరాలు వినడం, న్యాయమైన పరిహారం వాటిలోవే. తీర్పు పాఠం సుప్రీంకోర్టు ఈ-ఎస్‌సీఆర్ సైట్‌లో ఉంది. పైసా ఖర్చు లేదు. ఇంటాయన అది చదివేలోపు, నోటీసులో అభ్యంతరాలకిచ్చిన గడువు ఎప్పటిదాకానో చూసుకోవాలి.