మోటారుబండి యోగ్యతను నిర్ణయించు విధము

నేటి విద్యార్థులకు మోటారుబండ్లను గూర్చిన సంభాషణమునందు గల యాసక్తి మఱి దేనియందును గానరాదు. ఏ బండికి వేగ మెక్కువ, ఏ బండి రూపము సొగసైనది, ఏ కంపెనీవారు క్రొత్తగా నేమి కనిపెట్టిరి యని వారు తఱచుగా వాదించుకొనుచుందురు. యంత్రములయందలి యీ కుతూహలము మంచిదే. దానిని మేము నిరుత్సాహపఱుపము. కాని బండి యోగ్యతను దాని వేగమునుబట్టియు రంగునుబట్టియు గాక, అది కాల్చిన చమురునకు బదులుగా నెందఱిని నెంతదూరము చేర్చినదో దానినిబట్టి నిర్ణయింపవలెనని మా యభిప్రాయము.

లెక్క వేసి చూతము. పెట్రోలునుండి పుట్టిన శక్తిలో నూటికి సుమారు 25 పాళ్లు మాత్రమే చక్రములను త్రిప్పును. తక్కినది వేడిమియై గాలిలో గలిసిపోవును. 1000 కిలోల కారులో 60 కిలోల మనుష్యు డొక్కడే కూర్చుండిన యెడల, ఆ 25 పాళ్లలో గూడ నించుమించుగా నంతయు కారును లాగుటకే చెల్లును. మనుష్యుని వంతు ఒకటిన్నర పాలును మించదు. అనగా నూఱు రూపాయల పెట్రోలులో తొంబదియెనిమిది రూపాయలకు పైగా నినుమునకును వేడిమికిని అర్పించుచున్నాము.

లీటరునకు 20 కిలోమీటర్లు నడచు కారును మెచ్చుకొని, 5 కిలోమీటర్లు మాత్రమే నడచు ఎఱ్ఱబస్సును మనము చిన్నచూపు చూతుము. కాని కారులో నొక్కడే పోయిన నా లీటరు ఒక్కని 20 కిలోమీటర్లు మాత్రమే మోయును. బస్సులో 50 మంది యున్నచో, అదే లీటరు ఒక్కని 250 కిలోమీటర్లు మోసినదానితో సమానము. ఇందు గొప్ప బండి యేదియో విద్యార్థులే చెప్పగలరు.

ఈ బస్సునకు మన ప్రాంతమున చరిత్ర కలదు. 1932వ సంవత్సరమున నిజాము రాష్ట్రపు రైల్వేవారు 27 బస్సులతో రహదారి రవాణా నారంభించిరి. నేటి మన ఆర్టీసీకి మూల మదియే. రెండవ ప్రపంచయుద్ధకాలమున పెట్రోలు దొరకనప్పుడు, దేశమున ననేక బస్సులకు బొగ్గు కొలిమి తగిలించి, దాని వాయువుతో నడిపిరి. ఆ బొగ్గుబస్సులు మిట్ట లెక్కలేక రొప్పినను, పరదేశపు చమురును నమ్ముకొన్నవారి గతి యెట్టిదో నేర్పినవి. నేటికిని మన దేశము వాడు ముడిచమురులో నూటికి 85 పాళ్లకు పైగా పరదేశములనుండియే వచ్చుచున్నది.

ఇప్పుడు విద్యుత్తుతో నడచు బండ్లు వచ్చినవి. వాని మోటారు తన కందిన శక్తిలో నూటికి 85 పాళ్లనైనను పనిగా మార్చును. కెరమెరి ఘాటువంటి చోట దిగునప్పుడు, పెట్రోలుబండిలో బ్రేకుల వేడిమియై నశించు శక్తిలో కొంత, ఈ బండ్లలో మరల బ్యాటరీని చేరును. ఇది నిజమైన మేలు. ఐనను వీనిని పొగలేని బండ్లని పొగడువారు, ఆ విద్యుత్తు ఎచ్చటనుండి వచ్చుచున్నదో విచారింపవలెను. మన పొరుగుననున్న జైపూరు విద్యుత్కేంద్రము 1200 మెగావాట్ల శక్తిని బొగ్గు కాల్చియే పుట్టించును. బొగ్గు వేడిమిలో సుమారు మూడవవంతు మాత్రమే విద్యుత్తగును. కాబట్టి పొగ నశింపలేదు, చోటు మార్చినది. సింగరేణివారే సూర్యకాంతితో విద్యుత్తును గూడ పుట్టించుచున్నారు. అది వృద్ధియైనకొలది యీ బండ్ల యోగ్యతయు వృద్ధియగును.

అట్టి క్రొత్త యంత్రము ధనికుని కారునకంటె ముందుగా బస్సునకును ఆటోకును రావలెను. 2024లో కరీంనగరునుండి విద్యుత్ బస్సులు నడువసాగినవి. అవి మన గుట్టల త్రోవలకును రావలెనని కోరుచున్నాము.

బస్సు చేరని గూడెము లనేకములు కలవు. రాత్రివేళ రోగిని ఆసుపత్రికి దెచ్చుటకు సొంతబండి యవసరమగును. దానిని మేము కాదనము. కాని పత్తి యమ్మిన సొమ్ముతో, పదునెనిమిదేండ్లు నిండని కుమారునకు బండి కొనియిచ్చు తలిదండ్రు లొక సంగతి తలంపవలెను. 2019లో సవరించిన చట్టమునుబట్టి, ఆ బాలుడు బండి నడిపి నేరము చేసినచో తండ్రికి 25,000 రూపాయల జుల్మానాయు మూడేండ్ల వఱకు కారాగారమును విధింపవచ్చును. అంతకంటె పెద్దనష్ట మొకటి కలదు. సొంతబండ్లు పెరిగినకొలది బస్సెక్కువారు తగ్గుదురు. ఎక్కువారు తగ్గిన బస్సు నిలిచిపోవును. అది నిలిచినచో తిర్యాణి, వాంకిడి వైపు గ్రామములనుండి వచ్చు బీదబాలిక చదువును నిలిచిపోవును. 2023 డిసెంబరు 9వ తేదీనుండి స్త్రీలకు బస్సు ప్రయాణ ముచిత మాయెను. కాని బస్సే రానిచో నా యుచితమువలన ప్రయోజన మేమి?

చమురును బొగ్గును దేవుడు మన కప్పగించిన ధనము. మనము గృహనిర్వాహకులము మాత్రమే. కావున విద్యార్థులారా, యంత్రశాస్త్రమును శ్రద్ధతో నభ్యసింపుడు. మీలో నెవరైన నొకనాడు బండిని నిర్మింపగలిగినచో, బీదవాని గ్రామమునకు తక్కువ ఖర్చుతో చేరు బండిని నిర్మింపుడు. అంతవఱకు బస్సుండగా బస్సునే యెక్కుడు.