ఆ కోట్లు ఎవరి జేబులోంచి?

సంపాదకులకు,

తారల పారితోషికాలను సమర్థిస్తూ గత సంచికలో వచ్చిన వ్యాసంలో ఒక మాట నిజం: తొలిరోజు హాలు నిండేది హీరో పేరు చూసే. సినిమా పోతే ఆ భారం ఎవరిదో మాత్రం వ్యాసకర్త చెప్పలేదు.

2022 ఆగస్టులో ఖర్చులు భరించలేమంటూ తెలుగు నిర్మాతలే షూటింగులు ఆపేశారు. ‘లైగర్’ సినిమా నష్టాలకు పరిహారం కోరుతూ 2023 మేలో నైజాం ఎగ్జిబిటర్లు హైదరాబాద్‌లో దీక్షకు దిగారు. 30 శాతం వేతన పెంపు కోసం 2025 ఆగస్టులో సినీ కార్మికులు రెండు వారాలకు పైగా సమ్మె చేయాల్సి వచ్చింది.

ఇక ప్రేక్షకుడు. 2025 సెప్టెంబరులో ‘ఓజీ’ సినిమా ప్రత్యేక ప్రదర్శనకు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 1000 రూపాయల టికెట్‌కు అనుమతిచ్చింది. ఆ ఏడాది రాష్ట్రంలో ఉపాధి హామీ రోజు కూలి 307 రూపాయలు. హనుమంతునిపాడు నుంచి కనిగిరి వెళ్లి సినిమా చూసే కూలీకి ఆ టికెట్ మూడు రోజుల కష్టం కన్నా ఎక్కువ.

2022 మార్చి నాటి ప్రభుత్వ ఉత్తర్వు, పెద్ద సినిమాల టికెట్ ధర పెంచుకోవడానికి 100 కోట్ల బడ్జెట్‌ను అర్హతగా పెడుతూ, హీరో, హీరోయిన్, దర్శకుల పారితోషికాలను ఆ లెక్కలోంచి తీసేసింది. న్యాయమైన నిబంధన అది: తారల పారితోషికం చూపి టికెట్ ధర పెంచుకోకూడదు.

తారలకూ దారి ఉంది. ‘బాబా’ (2002) దెబ్బతింటే రజనీకాంత్ పంపిణీదారుల నష్టం తీర్చారు. ఆమిర్ ఖాన్ ముందస్తు పారితోషికానికి బదులు లాభంలో వాటా తీసుకునే పద్ధతి పాటించారు. మన హీరోలూ అలా చేయాలి. టికెట్ ధర పెంచే ప్రతి ఉత్తర్వుతోపాటు, పారితోషికాలు తీసేసిన బడ్జెట్ లెక్కను ప్రభుత్వం జనం ముందు పెట్టాలి.

— ఒక పాఠకుడు, హనుమంతునిపాడు