సూరకి చింతపండు వైద్యం

సంపాదకుల వారికి,

మీ ఆదివారం అనుబంధంలో ట్యూనా, అంటే మన సూర చేప, గురించి వచ్చిన వ్యాసం చదివి ఒళ్లు మండింది. 2019లో టోక్యో వేలంలో 278 కిలోల చేప 33 కోట్ల యెన్లు దాటి పలికిందని అరపేజీ మురిసిపోయారు, సరే. చివర్లో ‘సూర కాస్త నిలవదైనా భయం లేదు, చింతపండు పులుసులో బాగా మరిగితే దోషం పోతుంది’ అన్నారే, అది ఎవరు చెప్పారండీ మీకు?

కిందటేడు ఫాల్గుణంలో మా రైల్వే కాలనీలో పెళ్లి. విశాఖ నుంచి సూర తెప్పించారు. థర్మోకోల్ పెట్టెలో రాత్రంతా రైల్లో వచ్చింది. ఐసు ఎప్పుడో కరిగిపోయి పెట్టె మూలనుంచి ఎర్రనీళ్లు కారుతున్నాయని ఎవరో అంటే, వంటాయన ‘పులుసులో పడితే అన్నీ సర్దుకుంటాయి బాబూ’ అన్నాడట. మీ వ్యాసకర్త ఆయన శిష్యుడేమో! వాసనేమీ లేదు, అందరం తిన్నాం. నాలుక మీద మిరియం కొరికినట్టు చురుక్కుమంది. అరగంటలో ముఖం, మెడ ఎర్రబడ్డాయి, గుండె దడ, తల పగిలే నొప్పి. చూసిన డాక్టరు అలర్జీ అని తేల్చేసి, ఇక చేప ముట్టొద్దన్నారు. భీమిలిలో పుట్టినవాడితో అనాల్సిన మాటేనా? ఏడాదిపాటు ఇంటిల్లిపాదీ వంజరం వేపుడు తింటుంటే నేను ముద్దపప్పు కలుపుకున్నాను.

చేపల ఎగుమతిలో పనిచేసే మా మేనల్లుడు చెప్పాక గానీ అసలు సంగతి తెలియలేదు. సూర మాంసంలో హిస్టిడిన్ ఎక్కువ. పట్టగానే ఐసులో పెట్టకపోతే బాక్టీరియా దాన్ని హిస్టమిన్‌గా మార్చేస్తుంది. అది ఒకసారి పుట్టాక మరిగించినా, వేయించినా, డబ్బాలో సీలు వేసినా పోదు. ముక్కుతో కనిపెట్టలేం. ఐరోపాకి వెళ్లే సరుకులో కిలోకి సగటున 100 మిల్లీగ్రాములు మించితే వెనక్కి కొడతారు. మనకి మాత్రం చింతపండు!

అన్నట్టు, ఆ అనుబంధం మా బిలాస్‌పూర్‌కి మంగళవారం గానీ చేరదు. చేరినా పదకేళి పేజీ ఉండదు. బీఎన్నార్ (బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే) కాలం నుంచి తెలుగువాళ్లున్న ఊరండీ ఇది, 2003 నుంచి రైల్వే జోన్ కేంద్రం కూడా. పేపరు రెండు రోజులు ఆలస్యమైనా కుళ్లదని మీ ధీమా కాబోలు. చేప అలా కాదు.

సూర తినొద్దని నేననను, మంచి చేప. ఆ సలహా తప్పని అదే పేజీలో, అంతే పెద్ద అక్షరాలతో వేయండి. మళ్లీ పెళ్లిళ్లు వస్తున్నాయి. మా వంటాయన పాత పేపర్లలోనే మసాలా పొట్లాలు కడతాడు, అప్పుడైనా కళ్లబడుతుంది.

– ఒక విశ్రాంత రైల్వే గార్డు, బిలాస్‌పూర్